అరటితొక్క కరెంటు

ఇంటింటి చెత్తనూ తగలబెట్టి కరెంటు తీయాలని జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో మన తెలుగాయన ఒకటే వాదన. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020 నుంచీ తీయడం లేదా అంటాడు. నిజమే. కానీ బుట్టలో సగానికి పైగా తడి సరుకే: మునక్కాడ పిప్పి, అరటితొక్క, వడకట్టిన టీపొడి. ఆ తడి ఆరేసరికే బోలెడు మంట హారతి కర్పూరం! బాగా మండేవి కాగితం, అట్ట, ప్లాస్టిక్. వాటికి కబాడీవాలా ఎదురు డబ్బిస్తాడు. ఆయన కొనని ప్లాస్టిక్‌ను కూడా ఇదే జంషెడ్‌పూర్‌లో తారులో కలిపి రోడ్లేశారు. మరి కాల్చేదేమిటి స్వామీ, పిప్పా? 2016 నాటి కేంద్ర చెత్త నిర్వహణ నిబంధనలు సైతం మళ్లీ వాడలేనిదాన్నే, అదీ కిలోకు కనీసం 1,500 కిలోకేలరీల వేడి ఇచ్చేదాన్నే, మంటకు పంపమన్నాయి. ముందు తడికో బుట్ట, పొడికో బుట్ట పెట్టించండి.