నేరం చలి మీద పడింది

నాకు బండి నడపడం కంటే బానెట్ ఎత్తడం ఇష్టం. ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలుసు, నేను ఒప్పుకోవడమే ఆలస్యం. పాశమైలారంలో అట్టపెట్టెలు మోసే పాత డీజిల్ పికప్పు నాది. ఏడింటికల్లా కంపెనీ గేటు దగ్గర ఉండాలి. తాళం తిప్పగానే అందుకుంటే నన్నెవరూ పట్టించుకోరు. మొరాయించిందా, పాలకు పోయేవాళ్లు, నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు చుట్టూ చేరతారు. అప్పుడు నేను మాట్లాడతాను.

మాట్లాడటానికి సరుకు దండిగానే ఉంది. పెట్రోలు బండికి నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉంటుంది, డీజిల్‌కు అదేం లేదు. సిలిండర్‌లో గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కితే అయిదారు వందల డిగ్రీలు కాగుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించింది ఈ కిటుకునే. చలికాలంలో ఆ వేడిని చల్లటి ఇనుము తాగేస్తుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. అందుకే హీటర్ ప్లగ్గులు. తాళం సగం తిప్పి, డాష్‌బోర్డు మీద జిలేబీలాంటి పసుపు దీపం ఆరేదాకా ఓపిక పట్టాలి. మా వీధి పిల్లలకు ఇదంతా కంఠతా వచ్చు.

మొన్న ధనుర్మాసంలో బండి పొద్దున్నే మొండికేయడం మొదలుపెట్టింది. చూడకముందే తీర్పు ఇచ్చేశా: చలి. మా జిల్లాలోని కోహీర్ పేరు చలికాలం పేపర్లో ఊరికే వస్తుందా! బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వేణ్నీళ్లతో కడిగా. అవి మా ఆవిడ స్నానానికి కాచుకున్న నీళ్లు. హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్పించా. రాత్రిళ్లు ఇంజన్ మీద దుప్పటి కప్పా. మా అత్తగారు పెట్టిన సోలాపూర్ దుప్పటి అది. డీజిల్ వాసనకు ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టడం లేదు.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీనో ఎర్తు వైరునో అనుమానించాలి. జోరుగా తిరిగి సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తుంటే, డీజిల్ అందుతోంది గానీ అంటుకోవడం లేదు, హీటర్లు చూడాలి. జోరుగా తిరిగీ పొగ జాడే లేకపోతే డీజిలే అందడం లేదు. ఊళ్లో ఎవరి బండి ఆగినా ఈ మూడూ చెప్పేది నేనే. నా సైలెన్సర్ వైపు మాత్రం తొంగి చూడలేదు. ఉపన్యాసం జరిగేది బానెట్ వైపు కదా!

పట్టుకున్నది మా ఆవిడ. చేతిలో ముగ్గు డబ్బాతో నిలబడి, "చలి గాదు, ఏం గాదు. బండి ఎత్తు మీద పెట్టిన్నాడే సతాయిస్తున్నది. మొన్న ఇస్నాపూర్ల మా అన్నోళ్లింటికాడ సాఫు జాగల పెట్టినవ్. గంత చలిల గూడ తాళం తిప్పంగనే స్టార్టయింది" అంది.

ముగ్గులకు వాకిలి ఖాళీ కావాలని ఆ నెలంతా బండిని ర్యాంపు ఎక్కించమన్నది తనే. ముక్కు పైకి, ట్యాంకు కిందికి. ముగ్గుల నెలా చలి నెలా ఒకటే అయ్యేసరికి నాకు చలే కనపడింది.

మెకానిక్ ఉస్తాద్ వచ్చి, మా ఆవిడ చెప్పింది విని, నన్ను పక్కకు జరగమన్నాడు. ఫిల్టర్ దగ్గర పైపు విప్పి, లోపలిది కనిపించే గొట్టం ముక్క తగిలించి సెల్ఫ్ కొట్టించాడు. ఫోన్ లైటు వేసి చూస్తే, లేత పసుపు డీజిల్లో బుడగలు వరుసకట్టి పరుగెడుతున్నాయి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు అంచున వెంట్రుకవాసి పగిలింది. ఇంజన్ తిరిగేటప్పుడు పంపు డీజిల్‌ను లాక్కుంటుంది కాబట్టి ఆ పగుల్లోంచి గాలి లోపలికి పోతుందే తప్ప చుక్క బయటపడదు. రాత్రి బండి ముక్కెత్తుకుని నిలబడితే, అదే సందులోంచి గాలి దూరి డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. నేల మీద మరక లేదు కాబట్టి లీకు లేదని అప్పటిదాకా వాదించినవాణ్ని నోరు మూసుకున్నా. బెత్తెడు పైపు, కొత్త క్లిప్పు. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కి తాళం తిప్పాడు. అందుకుంది.

ఇప్పుడు ఎత్తు మీద పెట్టినా, ఎంత చలి ఉన్నా తాళం తిప్పితే చాలు. నా చుట్టూ మాత్రం ఎవరూ చేరడం లేదు. అందుకని బండి స్టార్టయ్యాక కూడా బానెట్ ఎత్తి కాసేపు నిలబడుతున్నా. నిన్న నైట్ షిఫ్టు దిగి వస్తున్న ఒక పిల్లగాడు ఆగి, "ఏమైందన్నా?" అన్నాడు. "డీజిల్ బండికి నిప్పురవ్వ ప్లగ్గు ఉండదు తమ్మీ" అని అందుకున్నా. కంపెనీ గేటుకు చేరేసరికి ఎనిమిది దాటింది.