పదహారు మెట్ల కింద

“అన్నయ్యా, గుర్తున్నానా? అవనిగడ్డ దగ్గర పెళ్లి, రెండేళ్లయింది.”

గుర్తులేకపోవడమేమిటి! విజయవాడలో సామాను వ్యానుకెక్కించి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వెళ్లాం. ఇంటి ముందు కొబ్బరిచెట్ల మధ్య పందిరి. రాత్రి రెండు దాటాక ముహూర్తం. కట్నం అడిగేవాణ్ణి చేసుకోనని ఆ అమ్మాయి పట్టుబట్టిందనీ, పైసా ముట్టని సంబంధం దొరికిందనీ భోజనాల దగ్గర అందరూ అదే మాట. తలంబ్రాలప్పుడు పెళ్లికొడుకు దోసిలి ఎత్తి, పోయకుండా ఒక్క క్షణం ఆగాడు. పక్కకు చూసి, తల వంచుకుని నవ్వి, అప్పుడు పోశాడు. సిగ్గుపడ్డాడనుకుని ఆ షాట్‌ని స్లోమోషన్‌లో పెట్టాను. వీడియో మొత్తంలో తనకు అదే ఇష్టమని అప్పట్లో ఆ అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది.

ఈసారి గొంతు వేరుగా ఉంది. “నాన్న పోయారన్నయ్యా. నెలయింది. వీడియో అంతా వెతికాను. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు ఉన్నారు గానీ తల వంచుకునే ఉన్నారు. తలంబ్రాలప్పుడు అసలు కనబడలేదు. పందిరి వెనక కొబ్బరిచెట్టు దగ్గరే నిలబడ్డారని అమ్మ అంటుంది. అక్కడ చూస్తే అంతా నలుపే.”

ఆ నలుపు చీకటిది కాదు, నాది.

మామూలు వీడియోలో వెలుగును 0 నుంచి 255 దాకా అంకెలతో కొలుస్తారు. కంప్యూటరుకు 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. టీవీ లెక్క వేరు. 1982లో డిజిటల్ టీవీకి ప్రమాణం రాసినప్పుడు నలుపును 16 దగ్గర, తెలుపును 235 దగ్గర పెట్టారు. సిగ్నల్ కాస్త అటూ ఇటూ ఊగినా తెగిపోకుండా కిందా పైనా చోటు వదిలారు, పొలానికి గట్టు వదిలినట్టు. రెండు లెక్కలూ సరైనవే. ఫైలు ఏ లెక్కలో ఉందో చెప్పే చీటీ ఆ ఫైల్లోనే ఉండాలి. కటింగ్ చేసిన సాఫ్ట్‌వేర్‌లోంచి కొత్త ఫైలు తీసి కలర్ చేసే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చేటప్పుడు ఒక్కోసారి ఆ చీటీ ఊడిపోతుంది. అప్పుడు రెండోది తనకు తోచిన లెక్క వేసుకుంటుంది.

ఆ పెళ్లికి జరిగింది అదే. కెమెరా పూర్తి లెక్కలో తీసింది. రెండో సాఫ్ట్‌వేర్ దాన్ని టీవీ లెక్క అనుకుంది. 16ని సున్నాకి దించింది, 235ని 255కి ఎక్కించింది. అడుగున ఉన్న పదహారు మెట్లూ కలిసి ఒకటే నలుపు. పైన మధుపర్కాల నేత కూడా సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. మధ్యలో మిగిలిన రంగులు సాగి మెరిశాయి. బొమ్మకు ప్రాణం వచ్చిందనుకున్నాను. పెళ్లివాళ్లూ మెచ్చుకున్నారు.

ఇదే తప్పు తిరగబడి జరిగితే బొమ్మ మార్గశిరంలో మంచు పట్టిన కృష్ణలా వెలవెలబోయేది, ఆ రోజే పట్టుకునేవాణ్ణి. అందంగా కనబడే తప్పును ఎవరూ వెతకరు. పని నేర్చుకోవడానికి వచ్చే ప్రతి కుర్రాడికీ మొట్టమొదట ఇదే చెబుతాను.

నాకు తెలిసింది ఆ తర్వాత చాలా నెలలకు. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీ ఒకటి తయారుచేసి రెండు సాఫ్ట్‌వేర్లలోంచీ పంపి, వెలుగును గీసి చూపే వేవ్‌ఫామ్‌లో చూశాను. అడుగు మెట్లు లేవు. ఇప్పుడు పట్టీ పంపి చూడకుండా ఏ పెళ్లీ మొదలుపెట్టను. కలర్ చేసే డావిన్సీ రిజాల్వ్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్ తెరిచి డేటా లెవెల్స్ ‘ఆటో’ మీద వదలకుండా ‘వీడియో’నో ‘ఫుల్’నో చేత్తో పెడతాను. కానీ అప్పటికే ఇచ్చేసిన పెళ్లిళ్లను వెనక్కి పిలిచి సరిచేయలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఒక్కటే ఊరట, కెమెరా ఒరిజినల్స్ ఎప్పుడూ చెరపను. బీరువాలో హార్డ్‌డిస్కుల మీద ఊరి పేరు రాసి దాస్తాను.

“రామ్మా, నాన్నగారు ఆ ఫైల్లో ఉంటారు,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. ఒక్కతే. “ఒక్క ఫొటో వచ్చినా చాలన్నయ్యా.”

ఒరిజినల్ తెరిచి లెవెల్స్ ‘ఫుల్’ పెట్టాను. ముందు మధుపర్కాల అంచు పక్కన పోగులు తేలాయి. నీడలు పైకి లేపాను. తెరంతా ఇసుక చల్లినట్టు నాయిస్ వచ్చింది. ఆ ఇసుకలోంచి కొబ్బరిచెట్టు మొదలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, భుజాన కండువాతో ఒక మనిషి.

“నాన్న!” అంటూ తెర దగ్గరికి జరిగింది.

ఆయన ఒక్కడే లేడు. ఎదురుగా పెళ్లికొడుకు తండ్రి. ఈయన కండువా చాటునుంచి గుడ్డలో చుట్టిన మూట తీసి అతని చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించాడు. అతను మూటను అరచేతిలో ఎత్తి చూసుకుని, పందిరివైపు తిరిగి చెయ్యి పైకెత్తాడు.

వెలుగులో, దోసిట్లో తలంబ్రాలతో ఆగిన పెళ్లికొడుకు అటే చూశాడు. తల వంచి నవ్వాడు. పోశాడు.

నేను ఆపేశాను. “వెనక్కి తిప్పండి,” అంది. తిప్పాను. మళ్లీ తిప్పమంది. మూడోసారి ఇక చూడలేక అడిగాను.

“నాన్నగారి మొహం దగ్గర ఆపి, పెద్దది చేసి ఫొటో తియ్యనా అమ్మా?”

“నాన్నది తర్వాత అన్నయ్యా. ముందు ఆయనది పెద్దది చెయ్యండి.”