ఎలుకకు కండెమ్నేషన్ సర్టిఫికెట్

మనదేశంలో ఆవిష్కరణలు లేవని ఎవరన్నారు? ఫిబ్రవరి ఆఖర్లో యూనివర్సిటీ ఖాతాలో పడిన ఏడాది గ్రాంటును మార్చి 31 సాయంత్రంలోగా ఖర్చుపెట్టి, యూసీ అనే వినియోగ ధ్రువపత్రం రాసి పంపే విద్య ప్రపంచంలో ఇంకెవరికి చేతనవును? ఐన్‌స్టీన్ సాపేక్షతను కాగితం మీద తేల్చాడు. కాలం కుంచించుకుపోవడం కళ్లారా చూడాలంటే మాత్రం మార్చి నెలలో మన సైన్సు కాలేజీలకు రావాలి.

నేను చూశాను. స్నేహితుడి ల్యాబులో కూర్చుని ఉండగా అకౌంట్స్ సూపరింటెండెంటు గారు ఫైలు చంకనపెట్టుకుని వచ్చారు.

"సార్, బిల్లులో నలభై ఎలుకలున్నాయి. రిజిస్టర్లో ముప్పైరెండే తేలుతున్నాయి."

"ఎనిమిది చచ్చిపోయాయండీ. ప్రయోగమే అది."

"చచ్చిపోతే, పనికిరావని తేల్చే కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలి కదండీ. విరిగిన కుర్చీకే కూర్చుంటోంది."

"మందు పనిచేస్తోందో లేదో చూడాలంటే..."

"అది మీ సబ్జెక్టు. ఆడిట్ వాళ్లు నన్ను ఎలుకల లెక్క అడుగుతారు, మందు సంగతి అడగరు."

మన పరిశోధన విధానం మీద ఇన్నేళ్లుగా వచ్చిన నివేదికలన్నీ ఒక ఎత్తు, ఆ చివరి మాట ఒక ఎత్తు.

ఇంతకీ ఆ ఎలుకల మీద దేశం పెడుతున్నదెంత? సర్కారుదీ ప్రైవేటుదీ కలిపి మొత్తం పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. ఇది 2020-21 లెక్క. దక్షిణ కొరియా దాదాపు ఐదు శాతం పెడుతుంది. పాపం, వాళ్ల దగ్గర నినాదాలు లేవు కాబోలు, డబ్బుతో నెట్టుకొస్తున్నారు. మనకేం తక్కువ? 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధానిగారు 'జై అనుసంధాన్' అన్నారు. ఆ సభల్లోనే మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ గారు లేచి, కౌరవులు టెస్ట్‌ట్యూబు బిడ్డలనీ, రావణుడికి 24 రకాల విమానాలుండేవనీ సెలవిచ్చారు. అందరూ నవ్వారు గానీ నాకు అసూయ కలిగింది. కౌరవులు పెరిగిన నేతికుండలకు గాంధారి టెండరు పిలవలేదు. ఎల్-1 అంటూ అందరికంటే తక్కువకు కోట్ చేసిన కుమ్మరి దగ్గర కొని ఉంటే దుర్యోధనుడు కారిపోయేవాడు. రెండేళ్ల దాకా కుండలు తెరవొద్దన్నాడు వ్యాసుడు. రెండేళ్లే! మధ్యలో ఒక మార్చి 31 రాకుండా పోతుందా? ఆ ఏటి యూసీ అందలేదని రెండో విడత నెయ్యి ఆపేసేవారు.

పోనీ ఇచ్చేదైనా చేతిలో మిగులుతుందా అంటే, ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే పరికరాల మీద 5 శాతంగా ఉన్న జీఎస్టీని 2022 జులైలో 18 చేశారు. ఒక శాఖ పెట్టిన విస్తట్లోంచి ఇంకో శాఖ అప్పడం లాక్కుంది. అదీ చాలక, గ్రాంటు తీసుకోవడం కూడా పన్ను కట్టాల్సిన వ్యవహారమేనని 2024లో ఐఐటీ ఢిల్లీలాంటి చోట్లకు నోటీసులు పోయాయి. ఆ సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిలే నాలుక కరుచుకుని మినహాయింపు ఇచ్చింది.

2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టేందుకు చట్టం చేశారు. ఐదేళ్లకు 50 వేల కోట్లు! చప్పట్లు కొట్టాక చదివితే, అందులో 36 వేల కోట్లు ప్రైవేటు వాళ్లు తదితరులు ఇవ్వాలట. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. ఇక 2025లో లక్ష కోట్ల నిధి వచ్చింది. అది ఓ మోస్తరు రుజువైన టెక్నాలజీని మార్కెట్టుకు చేర్చే కంపెనీల కోసం. మామిడిపళ్లు సర్దే అట్టపెట్టెలకు అప్పు సిద్ధం, మామిడి మొక్కకు మాత్రం పంపు కట్టేశారు.

మొక్క అంటే ఏమిటో చెప్తాను. 1966లో అమెరికాలో థామస్ బ్రాక్ అనే ఆయన ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అక్కడి ప్రభుత్వ సైన్సు గ్రాంటు మీదే. ఎందుకయ్యా అంటే, ఎలా బతుకుతోందో చూద్దామని. ఇరవై ఏళ్ల తర్వాత దాని ఎంజైమే పీసీఆర్ పరీక్షకు ప్రాణమైంది. కోవిడ్ రోజుల్లో మీ ముక్కులో పుల్ల పెట్టారు చూడండి, ఆ పరీక్షే. మన మణుగూరు దగ్గర పగిడేరులోనూ వేడినీళ్లు పైకొస్తాయి. వాటిలో ఏముందో చూస్తానని ఒక కుర్రాడు ప్రపోజలు పెడితే, 'ఆశించిన ఫలితాలు, ఎన్ని నెలల్లో' అనే గడిలో ఏం రాయాలి? "తెలీదు సార్, తెలుసుకుందామనే" అని రాసినవాడికి గ్రాంటు ఇచ్చిన కమిటీ ఎక్కడుందో చెబితే దండేసి వస్తాను.

ఆ సాయంత్రం చచ్చిన ఎనిమిది ఎలుకలకూ వరస నంబర్లు వేసి సంతకం పెట్టాడు మావాడు. ఇంకా డెబ్భైవేలు మిగిలాయి. కావాల్సిన రసాయనం జర్మనీ నుంచి రావాలి, ఆరు వారాలు. మరి డబ్బు ఏం చేశావని అడిగాను.

"ప్రింటరు టోనర్లు కొన్నానురా."

"అన్నెందుకు?"

"యూసీలు తీయొద్దూ?"