రాకున్నను వచ్చినవారే

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియమునందు 1962వ సంవత్సరము మొదలుకొని నేటివఱకు టికెట్లు మిగిలిన ఆట ఒక్కటియు లేదని, అది వెలసిన లింకన్ నగరవాసులు సగర్వముగా చెప్పుకొందురు. ఆట జరుగు శనివారమునాడు జనసంఖ్యచే ఆ కట్టడమే రాష్ట్రమున మూడవ పట్టణమగునన్న మాటయు వారినోట తఱచు వినబడును. మహమ్మారి కాలమున తలుపులు మూసిన 2020వ సంవత్సరమును లెక్కింపరు, అది న్యాయమే. ఇట్టి అఖండదీపము అఱువదియేండ్లకు పైబడి ఆఱక వెలుగుట దైవానుగ్రహమని మనవంటి అమాయకులు తలంతుము గాని, జట్టు వరుసగా ఓడిపోవుచు నూనె తఱిగిన వేళలలో దాతలు మిగిలిన టికెట్లను టోకుగా కొని ప్రమిద నింపుటయు కలదు.

హాజరును లెక్కించుట అచ్చట ఒక శాస్త్రము. ద్వారమువద్ద యంత్రము చదివిన టికెట్ల సంఖ్య వేఱు, పత్రికలకు ప్రకటించు సంఖ్య వేఱు. రెండవది సాధారణముగా అమ్మినవియు పంచిపెట్టినవియునగు టికెట్ల మొత్తము గావున, చలిగాలికి వెఱచి ఇంట దుప్పటి ముసుగులో టీవీ చూచుచున్న పెద్దమనిషియు స్టేడియమున సుఖాసీనుడైనట్లే పరిగణింపబడును. ఆన్ ఆర్బర్‌లో 1,07,601 ఆసనములుగల మిషిగన్ స్టేడియమున, పైన చెప్పిన మినహాయింపుతోనే, 1975 చివరినుండి ప్రకటిత సంఖ్య లక్షకు దిగిన దినము లేదు.

దీనికి విపర్యయముగా, నిజముగా వచ్చియు లెక్కకు రాని భక్తకోటి వెలుపల కలదు. టెనెసీ విశ్వవిద్యాలయమున్న నాక్స్‌విల్‌లో కొందఱు టెనెసీ నదిమీద పడవలలో వచ్చి స్టేడియము చెంతనే లంగరు దింపుదురు. అలబామా విశ్వవిద్యాలయమున్న టస్కలూసాలో ఇల్లంతేసి వాహనములను రెండుమూడు దినములు ముందుగనే తెచ్చి నిలుపుకొందురు. పార్కింగు స్థలమే వీరి పుణ్యక్షేత్రము. తెల్లవాఱకమునుపే బొగ్గు రాజుకొనును, పందిపక్కటెముకలకు తీపికారపు సాసు పూయబడును, మడతకుర్చీలు విప్పబడును, జనరేటరు గుఱ్ఱుమనుచుండ వాహనపు ప్రక్కకు పెద్ద టీవీ తగిలింపబడును. ఆట ఆరంభమైన పిమ్మట, టికెట్టు లేనివారు అచ్చటనే కూర్చుండి గోడకావల జరుగుదానిని గోడకీవల తెఱపై చూతురు. ప్రసారము కొన్ని క్షణములు వెనుకబడి వచ్చుటచే, టచ్‌డౌన్ అయిన సంగతి లోపలి కేకలవలన చెవికి తెలిసిన పిదపనే కంటికి తెలియును. ఇంటనున్నవాడు హాజరు, వాకిటనున్నవాడు గైర్హాజరు.

ప్రయాణముల సంగతి ఇంకను రమ్యము. పసిఫిక్ తీరమునందలి స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములు 2024లో అట్లాంటిక్ తీర సమాఖ్యలో చేరినవి. ఆ యేడే బిగ్ టెన్ సమాఖ్యలో చేరిన లాస్ ఏంజిలెస్‌వారి యూసీఎల్‌ఏ జట్టు, న్యూజెర్సీలో రట్గర్స్‌తో ఆడుటకై ఖండమునెల్ల దాటిపోయెను. భూగోళమును ఇట్లు తిరుగవ్రాసినది టీవీ హక్కుల ధనము. ఆట వేళయు టీవీవారి చిత్తమే. అది మధ్యాహ్నమో రాత్రియో పెక్కుమాఱులు పండ్రెండు దినములముందు, ఒక్కొక్కప్పుడు ఆఱు దినములముందు మాత్రమే తెలియును. అంతవఱకు విమానపు టికెట్టు కొనుట సాహసము, కొనకుండుట దుబారా.

ఇక గెలిచినవారి గతి వినుడు. జాతీయ విజేతను తేల్చు ప్లేఆఫ్ పోటీ పండ్రెండు జట్లకు విస్తరించిన మొదటి యేట విజేతయైన ఒహాయో స్టేట్ జట్టును వెన్నంటిన అభిమాని, డిసెంబరులో కొలంబస్‌లోని సొంత మైదానమున చలికి వణకి, జనవరి 1న పసాడినాకును, 10న ఆర్లింగ్టన్‌కును, 20న అట్లాంటాకును పరుగిడవలసివచ్చెను. గెలుపు గెలుపునకును మఱియొక విమానము, మఱియొక హోటలు, పైయధికారికి మఱియొక సెలవుచీటి. కొలంబస్‌లోనే ఓడిన టెనెసీ జట్టు అభిమాని మాత్రము ఒక్క ప్రయాణముతో బయటపడి, కన్నీరు తుడుచుకొనుచునే క్రిస్మసునకు ఇల్లు చేరెను.

విజయయాత్ర ముగించి వచ్చిన భక్తునికి రాబోవు సీజను టికెట్ల పత్రము ఎదురుచూచుచుండును. పెక్కు విశ్వవిద్యాలయములలో మంచి యాసనమునకు టికెట్టు వెల వేఱు, ఆ వెల చెల్లించు నర్హతకై క్రీడానిధికి సమర్పింపవలసిన విరాళము వేఱు. అతడు రెండును నింపి సంతకము చేయబోవుచుండగా, అడుగున పార్కింగు రుసుమునకు ప్రత్యేకముగా మఱియొక గడి కనబడును.