ఎక్స్‌రే యంత్రము ఆత్మకథ

జిల్లా ఆసుపత్రిలో, కిటికీలు మూసిన గదియందు, ఇనుప స్తంభమున నిలిచియున్న ఎక్స్‌రే యంత్రమును నేను. 1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీ దేశపు వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్‌జెన్ పండితుడు నా కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులో ఆయన తన భార్య హస్తమును చిత్రించినపుడు, ఆ యిల్లాలు పలు నిమిషములు చేయి కదల్పక కూర్చుండెను. ఆమె యోర్పు లేకున్న ఆ చిత్రమే లేదు. నేడు నాకు రొమ్ము చిత్రమునకు సెకనులో స్వల్పాంశము చాలును; ఆ స్వల్పాంశమునందైనను రోగి నిశ్చలుడై, ఊపిరి నిండుగా బిగబట్టవలెను. అట్లు పీల్చినపుడే ఉదరవితానము క్రిందికి దిగి, వెనుకవైపు 10వ ప్రక్కటెముక వరకు ఊపిరితిత్తులు కానవచ్చును. సగము పీల్చినచో వాని అడుగుభాగములు మసకబారి లేని వ్యాధి యున్నట్లును, గుండె ఉన్నదానికంటె పెద్దదైనట్లును తోచును.

ఒకనాడు, మూడు వారములుగా దగ్గుచున్న పడుచొకతె నాకు 6 అడుగుల దూరమున, క్యాసెట్టునకు రొమ్ము ఆనించి నిలిచెను. వెలుపల వరుస పెద్దది. టెక్నీషియను "ఊపిరి బిగబట్టమ్మా" అని మాత్రము పలికి మీట నొక్కెను. చీకటిగదిలో కడిగి తెచ్చిన ఫిల్మున అడుగుభాగములు మసకబారియుండెను. అంతకు మించి, కుడి ఊపిరితిత్తి శిఖరమున తెల్లని నీడ యొకటి కానవచ్చెను. క్షయ తరచు అచటనే గూడు కట్టును గాన వైద్యుని ముఖము గంభీరమాయెను.

రోగి సహకరింపలేదని చీటీపై వ్రాయుట నేనెన్నిమారులో చూచితిని. అది న్యాయమని యెన్నడును తోచలేదు. ఏమి చేయవలెనో, ఎందుకు చేయవలెనో చెప్పనిదే భయముతో వణకు మనిషి ఎట్లు సహకరించును?

వయసు మళ్లిన టెక్నీషియను మరియొకడు ఆమెను మరల నిలిపి, "జడ నెత్తిమీదికి ముడేసుకో తల్లీ, అది కూడా ఫిల్ములో పడుతుంది" అనెను.

"నొప్పి పుడుతుందాండీ?"

"అసలేమీ తెలియదమ్మా. ఏదీ, ఒకసారి ఊరికే గాలి పీల్చి చూపించు. ఇంకొంచెం. ఆఁ, అంతే!"

ఇట్లు రెండుమారులు అభ్యాసము చేయించి, పిదప మీట నొక్కెను. నిమిషమైనను పట్టలేదు. రెండవ ఫిల్మున ఊపిరితిత్తులు రెండును నిర్మలముగ విప్పారియుండెను. ఆ తెల్లని నీడ లేదు. అది ఆమె జడ. అయినను ఒకమారు చాలియుండగా, ఆ పడుచు దేహముపై నా కిరణములు రెండుమారులు పడినవి.