‘ఎంపీసీలో వేసేద్దామనుకుంటున్నాం’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెతుకుసీమలోని కొలిచాలం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పైగా మన మూలం రెండే రెండు వాక్యాలు, వాటిలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. అందుచేత ఆ రెండు నియమాలనూ ముందే సడలించుకుని పనిలోకి దిగుతున్నాం. మూలకర్త అజ్ఞాతుడు. కాలం: పదో తరగతి ఫలితాలకూ జూనియర్ కాలేజీలు తెరవడానికీ నడుమ. స్థలం: పాల పాకెట్ల కొట్టు. సందర్భం: ఒక తండ్రి, ఎదురింటి మాస్టారు అడగకముందే చెప్పుట.

మూలం

“మావాడు పది పాసయ్యాడండీ. ఎంపీసీలో వేసేద్దామనుకుంటున్నాం.”

ప్రతిపదార్థం

మా = ‘మేము’ అనే సర్వనామానికి షష్ఠి. ‘మనం’ అంటే ఎదుటివాడూ కలుస్తాడు, ‘మేం’ అంటే కలవడు. ఇక్కడి ‘మేం’లో మాస్టారు లేరు, అది సబబే. అబ్బాయి ఉన్నాడా లేడా అన్నదే వివాదం. లేడని మా మతం. కారణం అన్వయం దగ్గర చెబుతాం.

పది = పదో తరగతి పబ్లిక్ పరీక్ష. ఉత్త సంఖ్య చెబితే చాలు తరగతి స్ఫురిస్తోందంటే దాని కీర్తి ఎంతటిదో ఊహించుకోవచ్చు. తొమ్మిది పాసయ్యాడని పాల కొట్టు దగ్గర ఎవరూ చెప్పుకోరు.

పాసయ్యాడు = గట్టెక్కాడు. మార్కులు చెప్పలేదు కాబట్టి 600కి 550 లోపే వచ్చాయని ధ్వని. అంతకు మించి వస్తే వాక్యం మార్కులతోనే మొదలై ఉండేది.

అండీ = గౌరవార్థకం. ‘సలహా అడగడం లేదు సుమా’ అని వ్యంగ్యార్థం.

ఎంపీసీలో = గణితం, భౌతికం, రసాయనం గల గ్రూపునందు.

వేసేద్దాం = చేర్పిద్దాం. ఈ పదం దగ్గర కాస్త ఆగాలి. ‘వేయు’ ధాతువుకు కర్మగా వచ్చేవి సాధారణంగా నోరులేనివి: విత్తనం, తాళం, ఓటు, పోపు. ‘చేరతాడు’ అనే నిక్షేపంలాంటి క్రియ ఉండగా దీన్ని ఎంచుకోవడం ఊరికే జరగలేదు. పైగా ‘వేసి’కి ఇంకో ‘వేయు’ తగిలి ‘వేసేయు’ అయింది. అంటే ఆలోచన ముగిసింది, చేతులు దులుపుకోవడమే మిగిలింది. చివరి ‘దాం’ ఇద్దరో ముగ్గురో కలిసి చేసే పనిని చెబుతుంది. ఎవరెవరు? తల్లీ తండ్రీ అని కొందరు, తండ్రీ బావమరిదీ అని కొందరు. ఫిబ్రవరి నుంచి ఇంటి చుట్టూ తిరుగుతున్న కాలేజీ పీఆర్వోను కూడా కలుపుకోవాలని అనుభవజ్ఞులు.

అనుకుంటున్నాం = ఆలోచనలో ఉన్నాం. వ్యాకరణరీత్యా వర్తమానం, రసీదు చూస్తే భూతకాలం. అడ్వాన్సు కట్టి మూడు నెలలైంది.

అన్వయం

మొదటి వాక్యంలో కర్త ఉన్నాడు: ‘మావాడు’. పరీక్ష రాసి పాసవడం వాడు తప్ప ఇంకొకరు చేయలేని పని కనుక అక్కడ కర్తృత్వం వాడికి దక్కింది. చుక్క పడిందో లేదో మాయమయ్యాడు. రెండో వాక్యానికి కర్త ‘మేము’. అబ్బాయిని కర్మగానైనా ఉంచారా అంటే, లేదు. ‘వాణ్ణి’ అనే మాటను మనం అధ్యాహారం చేసుకోకపోతే ఎంపీసీలో ఎవరిని వేస్తున్నారో అర్థమే కాదు. పదేళ్లు బడికెళ్లినవాడు ఒక్క చుక్క దాటేసరికి వాక్యంలోంచి జారిపోయాడు. మిగతా వ్యాఖ్య అంతా వాణ్ణి వెతకడానికే.

పాఠాంతరాలు

‘బైపీసీలో వేసేద్దాం’ అనే పాఠం కూడా విస్తారంగా వినిపిస్తుంది, ముఖ్యంగా ‘మా అమ్మాయి’ అని మొదలయ్యే ప్రతుల్లో. దీనికి డాక్టరు అన్న ఒక్క అర్థమే చెబుతారు. వైద్య విద్య నీట్‌కు తరలిపోయాక ఎంసెట్ పేరే మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో అది ఈఏపీసెట్ అయింది, మెడికల్ పోయి ఫార్మసీ పేరులోకొచ్చింది. వీధి మాత్రం ఇంకా ఎంసెట్ అనే అంటుంది, బైపీసీని ఇంకా మెడిసిన్ అనే చదువుకుంటుంది. అదే గ్రూపుతో వ్యవసాయ బీఎస్సీ, మత్స్యశాస్త్రం, ఫిజియోథెరపీ, నర్సింగ్, ఫార్మసీ ఉన్నాయని చెబితే, ‘అవి రానివాళ్లకు కదండీ’ అంటారు. నీట్ ర్యాంకు రాని పిల్ల ఒక ఏడాది, అవసరమైతే రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగులో కూర్చుంటుంది గానీ ఈ పేర్లున్న కాగితం వైపు చూడనివ్వరు.

‘సీఎస్‌ఈలో వేసేద్దాం’ అన్నది పాఠాంతరం కాదు, రెండేళ్ల తర్వాత వచ్చే పునరుక్తి. బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది కనుక, ఆ పునరుక్తికి సీట్ల కొరత కూడా అడ్డు రాదు.

ప్రక్షిప్తాలు

పది తర్వాత ఇంటర్ కాక వేరే దారులున్నాయని చెప్పే భాగాలను పెద్దలు ప్రక్షిప్తాలని కొట్టేస్తారు. అవి ఎవరో మధ్యలో చొప్పించినవట. వాటిలో ఒకటి పాలిటెక్నిక్. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరిక. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, కలిపితే ఆరేళ్లు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, కలిపినా ఆరే. నడుమ ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి చదువు ఆగిందనుకుందాం. డిప్లొమావాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటాడు. ఎంపీసీవాడు మార్కుల మెమో లామినేషన్ చేయించుకుంటాడు. ఇంత సులువైన లెక్క ఎంపీసీ కోసం తపించే ఇళ్లలో ఎవరికీ తట్టదు.

ఐటీఐ పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసినవాడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు అర్హుడు. బీటెక్ పట్టాతో వచ్చి అదే పరీక్ష హాల్లో పక్క బల్ల మీద కూర్చున్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పది పాసైనవాళ్లకు ఇచ్చే రెండేళ్ల డిప్లొమా గురించి, సొంతంగా పొలం ఉన్న ఇంట్లోనూ మాట రాదు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, పది మార్కుల మీదే ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటాయి. వీటిని మాత్రం ప్రక్షిప్తమని ఎవరూ అనరు. మనకు రాదులే అనుకుని పేజీ తిప్పేస్తారు.

ఆక్షేపం

‘ఎంపీసీ తీసుకుంటే తలుపులన్నీ తెరిచి ఉంటాయి. తర్వాత ఎటైనా పోవచ్చు. ఇందులో తప్పేముంది?’

సమాధానం

ఇది గట్టి ఆక్షేపం, తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఎంపీసీ చదివినవాడు బీకాంకు పోవచ్చు, అయిదేళ్ల లా చదవొచ్చు, సీఏ ఫౌండేషన్ రాయొచ్చు, బీఫార్మసీలో చేరొచ్చు, ఏదో ఒక డిగ్రీ చేసి గ్రూప్స్‌కో సివిల్స్‌కో కూర్చోవచ్చు. ఎన్‌డీఏలో నావికాదళానికీ వైమానికదళానికీ పోవాలంటే గణితం, భౌతికం, రసాయనం చదివి తీరాలి. కామర్స్ గ్రూపైన సీఈసీ నుంచి ఇంజినీరింగుకు రావడానికి మాత్రం నేరుగా దారి లేదు. ఎంపీసీతో మూసుకునే తలుపుల్లో పెద్దది వైద్యం. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితాన్నీ జీవశాస్త్రాన్నీ కలిపిన ఎంబైపీసీని తెచ్చి దానికీ గడియ తీసింది.

అయితే తలుపు తెరిచి ఉండటం వేరు, దానిదాకా నడిచే ఓపిక మిగలడం వేరు. హాస్టల్లో పొద్దుటి స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఇష్టంలేని కలనగణితంతో రెండేళ్లు కుస్తీ పట్టి, అత్తెసరు మార్కులతో బయటపడినవాడు లా ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యే ఉత్సాహంతో ఉండడు. తనకు చదువే రాదన్న నిర్ణయంతో ఉంటాడు. లెక్కలంటే ఇష్టమున్నవాడికి, కనీసం విముఖత లేక ఇంకా ఏదీ తేల్చుకోనివాడికి, ఎంపీసీ మంచి ఎంపికే. ఈ వ్యాఖ్యాత దాన్ని ఒప్పుకుంటాడు. లెక్కల పీరియడు రాగానే కడుపునొప్పి వచ్చేవాడికి మాత్రం ఆ తలుపులన్నీ గోడ మీద రంగులతో వేసినవే.

అలాగని లెక్కలు రానివాడి కోసమే కామర్స్ అనుకోవడం ఇంకో అపవ్యాఖ్య. సీఏ ఫౌండేషన్ నాలుగు పేపర్లలో ఒకటి గణితం, గణాంకశాస్త్రం, తార్కిక ప్రశ్నలదే.

మరో ఆక్షేపం

‘పదిహేనేళ్లవాడికి ఏం తెలుసు? వాణ్ణి అడిగితే క్రికెటర్ అంటాడు.’

సమాధానం

నిజమే, తెలియదు. ‘నీకేమిష్టం?’ అని హాల్లో సోఫాలో కూర్చోబెట్టి అడిగితే ఎవరికీ జవాబు రాదు; నలభై అయిదేళ్ల తండ్రిని అడిగినా రాదు. ఈ విషయంలో పూర్వాచార్యుడు ఒకడున్నాడు. బోస్టన్‌లో 1908లో వృత్తుల సలహా కేంద్రం తెరిచిన ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత ఆ పనిలో ఏముంటుందో తెలుసుకో, ఆ రెండింటికీ పొత్తు కుదురుతుందో లేదో నిదానంగా ఆలోచించు అన్నాడు. ఆయన పుస్తకం ఆయన పోయాక 1909లో వచ్చింది. ఆయనే ఇంజినీరింగు చదివి, రైలు మార్గాల పని చేసి, బడిపంతులై, లాయరై, చివరికి ఇందులోకి వచ్చాడు. పాల కొట్టు దగ్గర ఎవరైనా చూస్తే ‘ఎందులోనూ కుదురుకోలేదండీ’ అనేవారు.

పార్సన్స్ చెప్పిన మొదటి రెండు పనులకూ వేసవి సెలవులు సరిపోతాయి. హైదరాబాద్‌లో కోఠీ, విజయవాడలో లెనిన్ సెంటర్, మీ ఊళ్లో పాత పుస్తకాల కొట్టు ఎక్కడుంటే అక్కడి నుంచి ఇంటర్ మొదటి ఏడాది గణితం, వృక్షశాస్త్రం, కామర్స్ పుస్తకాలు తెచ్చి ఇంట్లో పడెయ్యాలి. మాత్రికల అధ్యాయం చదువుకుని పది లెక్కలు ట్యూషన్ లేకుండా చేయమనాలి. మందారాన్ని నిలువునా కోసి భాగాలు గీయమనాలి. వీధి చివరి కిరాణా కొట్టాయన్ని బతిమాలి, ఒక వారం ఖాతాను జర్నల్ పద్దులుగా రాయమనాలి. ఏది వచ్చింది, ఏది రాలేదన్నది ముఖ్యం కాదు, అన్నీ కొత్తవే కదా. రానప్పుడు ఏం చేశాడో గమనించాలి. లెక్క తేలక భోజనానికి లేవనివాడు ఒక రకం. పుస్తకం మూసి ఫ్యాను కింద పడుకున్నవాడు ఇంకో రకం. ఆ రెండోవాడిని బద్ధకస్తుడని తిట్టేముందు, పద్దు కలవకపోతే వాడు రాత్రి పదకొండింటిదాకా ఎలా కూర్చున్నాడో చూడండి.

ఇక పనిలో ఏముంటుందో తెలియాలంటే పనిచేసేవాళ్ల దగ్గరికి పంపాలి. మే నెల మధ్యాహ్నం శ్లాబు పోస్తున్నచోట సివిల్ ఇంజినీరు పక్కన ఒక పూట నిలబెట్టండి. తెల్లవారుజామున పరగడుపు పరీక్షలకు వరుస కట్టిన జనం ముందు ల్యాబ్ టెక్నీషియన్ ఎలా పనిచేస్తుందో చూడనివ్వండి. జీతమెంతని అడగమనకండి, అది ఫోన్లో దొరుకుతుంది. ‘నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?’ అని అడగమనండి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనమామను అడిగినా సరే. ఆయన కాసేపు ఇబ్బందిపడి, మీటింగులు అంటాడు. అదీ ఒక సమాచారమే.

అలంకారం

దృష్టాంతాలంకారం. అది మూలంలో లేదు గానీ మాస్టారు ‘ఎంపీసీయే ఎందుకండీ?’ అని అడగ్గానే బయటపడుతుంది: ‘మా తోడల్లుడి కొడుకు ఎంపీసీయేనండీ, ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు.’ ఉపమానం డాలస్‌లో, ఉపమేయం వీధి చివర బంతి కోసం మురిక్కాలవలో వెతుకుతూ. తోడల్లుడికి రెండో కొడుకూ ఉన్నాడు, అతడిదీ ఎంపీసీయే. అలంకారంలో అతడి ప్రస్తావన రాదు. పెళ్లిళ్లలో కూడా అతడు వెనక వరుసలోనే కూర్చుంటాడు.

తాత్పర్యం

మా అబ్బాయి పది పాసయ్యాడు. మాకు భయంగా ఉంది. అందరూ పోయేచోటికి పంపితే, రేపేదైనా జరిగినా తప్పు మాదని ఎవరూ అనరు.

ఇంతకంటే వేరే అర్థం చెప్పడం మూలకర్తకు అన్యాయం చేసినట్టే. తాను చదవలేకపోయినదాన్ని కొడుకు మీద రుద్దుతున్నాడని కొందరు నవీనులు తీర్మానిస్తారు గానీ, రెండు లక్షల ఫీజును చీటీ పాడి కట్టేవాడికి అంత విలాసం ఉండదు. డబ్బు ఒక్కసారే పెట్టగలిగినవాడు పదిమంది నడిచిన దారిలోనే పెడతాడు. అందుకే అబ్బాయిని వాక్యంలోంచి తీసేయడం క్రౌర్యం వల్ల జరిగింది కాదు; వాడుంటే నిర్ణయం ఆలస్యమవుతుందన్న కంగారు వల్ల. ఆ కంగారుకు అబ్బాయి కూడా సహకరిస్తాడు. అడిగితే ‘మీ ఇష్టం నాన్నా’ అంటాడు. ఈ మూడు మాటలను అంగీకారంగా తీసుకున్నవాళ్లు, రెండో ఏడాది సంక్రాంతికి ఇంటికొచ్చినవాడి మౌనానికి విడిగా వ్యాఖ్య రాసుకోవలసి వస్తుంది.

గద్య

ఇది పాల పాకెట్లకు వచ్చి ఆలస్యమైన ఎదురింటి మాస్టారు విరచించిన ‘గ్రూపుసంజీవని’ అనే వ్యాఖ్యలో ప్రథమోచ్ఛ్వాసం. ద్వితీయోచ్ఛ్వాసానికి మూలం “వెబ్ ఆప్షన్లు నువ్వే పెట్టేయరా, నాకా కంప్యూటర్ తెలీదు” అన్నది. అందులో అబ్బాయి తిరిగి కర్త అయ్యాడు గానీ, ఏయే కాలేజీ ఏ వరుసలో పెట్టాలో కాగితం మీద రాసి ముందే ఇచ్చారు.