కాళ్ళు పోయాయి, ఇక పాదాల వంతు

2023లో తిరుమల కొండమీద పార్వేట మండపం పని అయిపోయింది, ఇక కింద అలిపిరి పాదాల మండపం మొదలుపెడతామన్నారు దేవస్థానం వాళ్ళు. పేపర్లో మీరూ చదివే ఉంటారు. పాతబడిందట, శిథిలమైందట, విప్పేసి కొత్తది కట్టేస్తారట. చదివి కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. కోపం వచ్చి కాదండీ. వ్యాపారం తట్టింది.

తిరుపతికొచ్చిన వాడు గుండు గీయించుకుని, దర్శనం చేసుకుని, లడ్డు సంచి చంకన పెట్టుకుని రాత్రి బస్సుకే ఊరు దాటిపోతున్నాడని పెద్దలకు చాలాకాలంగా బెంగ. వాణ్ణి ఇంకో పూట ఆపాలి. గుళ్ళు, గోపురాలు, శిల్పాలు చూపించాలి. పక్కన గైడు ఉండాలి. వాళ్ళ బెంగ తీర్చే టూరు నా దగ్గరుంది. ఉన్నవి చూపించడం ఎవడైనా చేస్తాడు. మనది లేనివి చూపించే టూరు. పేరు 'శూన్య దర్శనం'.

నవ్వకండి. ఉన్నదాన్ని చూపించడంలో ఉన్న కష్టం మీకు తెలియంది కాదు. తిరుమలలో మహాద్వారం దాటగానే కుడిచేతి వైపు కృష్ణరాయ మండపంలో కృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. అటొక దేవి, ఇటొక దేవి. తిరుమలదేవి, చిన్నాదేవి. అయిదొందల ఏళ్ళ నాటి లోహ విగ్రహాలు. రాయలు అన్నేళ్ళు నిలబడ్డాడు గానీ, మనకు ఆయన ముందు నిలబడే యోగం కనురెప్ప మూసి తెరిచేంత సేపే. ఆ రెప్పపాటులోనూ కనబడేది ముందున్నాయన వీపు, వినబడేది "జరగండి, జరగండి". లేనిదాని దగ్గర ఆ తోపులాట ఉండదు. ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఫోను డిపాజిట్ చేయక్కర్లేదు, ఫొటోలు తీసుకోవచ్చు. సున్నం కొట్టాల్సిన పనీ లేదు, గబ్బిలాల కంపూ లేదు. "జరగండి" అనేవాడు ఉండడు. జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది కదా.

గైడు ఉద్యోగానికి అర్హత ఒక్కటే. భూతకాలంలో తడబడకుండా మాట్లాడాలి. మా చిత్తూరు వైపు పిల్లోళ్ళకు 'ఉండాది' అనడం పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని 'ఉన్నింది' చేసుకోవడానికి ఒక వారం శిక్షణ ఇస్తాం. చేతికో గొడుగు ఇస్తాం. ఎండకు కాదు, గాల్లోకి చూపించడానికి.

పొద్దున ఆరింటికి బస్టాండు ఎదుట బస్సు ఎక్కితే మొదటి స్టాపు శ్రీకాళహస్తి.

"అమ్మా, అయ్యా, అదిగో గోపురం! అది కాదమ్మా, అది 2017లో వచ్చిన కొత్తది. దాని వెనకాల పాతది చూడండి. కొంచెం కళ్ళు మూసుకుంటే బాగా కనబడుతుంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం. ఏడంతస్తులు. 2010 మే 26 రాత్రి కూలిపోయింది."

ఇక్కడ గైడు ఒక నిమిషం మౌనం పాటించి, ఆ గోపురం గుణగణాలు చెప్పాలి. మండపాలన్నిటిలోకీ గోపురాలన్నిటిలోకీ ఆదర్శప్రాయమైనది అదే. టెండరు అడగలేదు, బోర్డు తీర్మానం అడగలేదు, జేసీబీ అడగలేదు. ఎవర్నీ కష్టపెట్టకుండా తనంతట తానే కూలిపోయింది. ప్రాణాలు కూడా తీయలేదు, ఎందుకంటే చుట్టుపక్కల జనాన్ని ముందే దూరం పంపారు. గోపురం పగిలిందని తెలుసు కాబట్టే కదా పంపగలిగారు. తెలిసిన జబ్బుకు మనం చేసిన వైద్యం అదీ. రోగిని వదిలేసి, మంచం చుట్టూ ఉన్న బంధువుల్ని అవతలికి జరిపాం.

మధ్యలో గుడిమల్లం బోర్డు కనబడితే ఎవరో ఒకరు అడుగుతారు, అక్కడ ఆపరా అని. ఆపం. ఎందుకంటే అది ఉంది. మా టూరుకు అనర్హం. ఏర్పేడు దగ్గర, స్వర్ణముఖి ఒడ్డున, క్రీస్తు పుట్టకముందు చెక్కిన లింగం. అయిదడుగుల ఎత్తు. దాని మీద వేటగాడి రూపంలో నిలబడి ఉంటాడు శివుడు. కుడిచేత్తో పొట్టేలును కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న చెంబు. భుజాన గొడ్డలి. కాళ్ళ కింద ఒక మరుగుజ్జు, అంత బరువు మోస్తూ కూడా నవ్వుతున్నట్టే ఉంటాడు. 1954 నుంచి పురావస్తు శాఖ వాళ్ళు చూసుకుంటున్నారు. రెండు వేల ఏళ్ళుగా పాతబడుతూనే ఉన్నాడు, ఇంతవరకూ 'శిథిలం' కాలేదు. ఎవరికీ పని కల్పించని దేవుడు. బస్సు పోనివ్వండి.

రెండో స్టాపు తిరుమల. సన్నిధి ఎదుటే దింపుతాం. ఇక్కడ గైడు గొడుగు పూర్తిగా తెరవాలి, చూపించాల్సిన జాగా అంత పెద్దది.

"ఇదిగో వెయ్యికాళ్ళ మండపం! సాళువల కాలం నాటిది, పదిహేనో శతాబ్దం. 2003లో భక్తులకు చోటు చాలడం లేదని, మాస్టర్ ప్లాన్ అని తీసేశారు. పాపం, వెయ్యి కాళ్ళుండీ పారిపోలేకపోయింది."

చినజీయరు స్వామి వద్దన్నారు. ఊళ్ళో వాళ్ళు వద్దన్నారు. కోర్టు దాకా పోయారు. ఇంకోచోట ఇట్లాంటిదే కడతామని మాటొచ్చింది. ఇరవై ఏళ్ళు దాటింది. మండపం పోయింది గానీ ఆ మాట మాత్రం ఇంకా చెక్కు చెదరలేదు, పగులైనా ఇవ్వలేదు. మనకున్న వాటిలో గట్టి కట్టడం అదే.

ఇక్కడ టికెట్లలో తేడా పెట్టాలి, లేకపోతే తిరుమల అనిపించదు. సర్వదర్శనం వాళ్ళు ఖాళీ జాగాను దూరం నుంచి చూస్తారు. ప్రత్యేక ప్రవేశం వాళ్ళు దగ్గర్నుంచి చూస్తారు. సిఫారసు ఉత్తరం తెచ్చుకున్న వాళ్ళను లేని గడప దాటించి, లేని స్తంభాల మధ్య నిలబెట్టి, శాలువా కప్పుతాం. శాలువా మటుకు నిజంది. దిగేటప్పుడు అందరికీ ఖాళీ లడ్డు సంచి ప్రసాదం.

మూడో స్టాపు పాపవినాశనం దారిలో పార్వేట మండపం. పార్వేట అంటే వేట. కనుమ నాడు మలయప్పస్వామి వేటకని అక్కడికి వస్తాడు. ఏడాదికొక్కసారి, ఒక్క పూట, ఈటె విసిరి వెళ్ళిపోతాడు. ఆయన జంతువుల జోలికి పోయాడు గానీ ఎన్నడూ మండపం జోలికి పోలేదు. ఆ పని మనవాళ్ళు పూర్తి చేశారు. కొత్తది లేచింది. కనుమకు స్వామి వచ్చి ఇదెవరి ఇల్లని అడిగితే, "మీదే స్వామీ, కాస్త బాగుచేయించాం" అని చెప్పడానికి అక్కడొక మనిషిని పెట్టాలి.

ఈ స్టాపులో హైదరాబాదు నుంచి వచ్చినాయన ఒకరు తప్పకుండా అడుగుతారు: "కొత్తది బాగానే ఉంది కదండీ, పాతదాని లాగే?" నిజమే. గోడ మీద తాతగారి ఫొటో వెలిసిపోయిందని తీసేసి, అదే ఫ్రేములో మనవడి ఫొటో పెట్టి, దండ మాత్రం అట్లాగే ఉంచితే కూడా బాగానే ఉంటుంది. పోలిక కూడా ఉంటుంది.

ఆ పక్కనున్నావిడ అడుగుతుంది: "పురావస్తు శాఖను ఒక మాట అడగొచ్చు కదా?" దీనికి గైడు 2018 కథ చెప్పాలి. ఆ ఏడు మేలో ఆ శాఖ నుంచి దేవస్థానానికి ఒక ఉత్తరం వచ్చింది, ఇక్కడి కట్టడాలను రక్షిత కట్టడాల జాబితాలో చేర్చే ఆలోచన ఉందని. ఊరు ఊరంతా భగ్గుమంది. రెండ్రోజులు తిరక్కుండానే ఉత్తరం వెనక్కి పోయింది. ఢిల్లీ వాళ్ళు వచ్చి కొండమీద పెత్తనం చేస్తారేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది, నాకూ వచ్చింది. పెత్తనం మనకే ఉండాలన్నాం. ఉంచుకున్నాం. ఉంచుకుని ఏం చేశామో చూడ్డానికే కదా మీరంతా టికెట్టు కొనుక్కుని వచ్చింది.

ఈ టూరు మీద ఏ పార్టీ వాళ్ళూ అలగడానికి లేదని మనవి. మూడు స్టాపులు, మూడు పార్టీల హయాములు. మిగతా అన్నిటికీ కొట్టుకుచచ్చే వాళ్ళు ఈ ఒక్క దారిలో ఒకరి అడుగుజాడల్లో ఒకరు నడిచారు.

నాలుగో స్టాపు ఇంకా సిద్ధం కాలేదు. అలిపిరి. అడ్వాన్సు బుకింగు మాత్రం మొదలైంది. ముందు కాళ్ళు పోయాయి, ఇప్పుడు పాదాలు. వరస తప్పలేదు. ఇక పాదాల నుంచి పైకి పోతూ ఉంటే చివరికి ఎక్కడ ఆగుతారో నేను చెప్పను, లెంపలేసుకోవాల్సి వస్తుంది.

పాదాల మండపంలో మనుషులు ఏం చేస్తారో దాని ఎస్టిమేటు వేసిన వాళ్ళు ఒక పూట నిలబడి చూశారో లేదో నాకు తెలియదు. పాదుకల జత నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, చుట్టూ తిరుగుతారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్ళు, అందరూ. స్వామి రోజూ రాత్రి కొండ దిగి నడిచి చెప్పులు అరగదీస్తాడని మావాళ్ళ నమ్మకం. అరిగిన చెప్పులకు బదులు కొత్తవి కుట్టి ఇస్తారు గానీ, అరిగిన పాదాలకు బదులు కొత్త పాదాలు తెచ్చి పెట్టరు.

నేను టూరు కట్టిపెట్టి ఒకటి అడుగుతాను. మండపం పడిపోతుంటే చూస్తూ ఊరుకోమని ఎవరన్నారు? రాతి కట్టడాన్ని విప్పి మళ్ళీ నిలబెట్టడం మనకు కొత్తా? శ్రీశైలం నీళ్ళు వస్తున్నాయని కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మొత్తం విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టలేదా? నాగార్జునకొండను నీళ్ళు ముంచకముందే తవ్వి తీసినవాటిని గట్టెక్కించలేదా? హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం 2006లో విప్పారు, పేర్చి ముగించేసరికి 2024 వచ్చింది. ఆలస్యానికి తిట్టండి, నేనూ తిడతాను. కానీ ఏ రాయి ఎక్కడిదో తెలిసి పేర్చారు. రాతి మీద నెంబరుంది. ఆ నెంబరుకు ఏం కావాలి? ఒక డబ్బా రంగు, ఒక కుంచె, రాసుకోవడానికి ఒక నోటు బుక్కు. ఇంత సంపన్నుడైన దేవుడి దగ్గర నోటు బుక్కుకు డబ్బుల్లేవా?

ఈ కొండమీద గోడల నిండా శాసనాలు. వందల కొద్దీ ఉన్నాయి. ఎవరు ఆవులిచ్చారు, ఎవరు దీపానికి నెయ్యిచ్చారు, ఏ పండక్కి ఎన్ని అప్పాలు వండాలి, వాటిలో ఎవరి వాటా ఎంత, అన్నీ చెక్కి పెట్టారు. అప్పాల లెక్క కూడా రాతి మీద రాసిపెట్టిన వాళ్ళ తరవాత వచ్చిన వాళ్ళమయ్యా మనం. పడగొట్టిన మండపాల్లో ఎన్ని స్తంభాలున్నాయి, ఏ స్తంభం మీద ఏ బొమ్మ ఉంది, ఆ స్తంభం ఇప్పుడు ఎక్కడ పడి ఉంది? ఏ కాగితం మీద రాశారు? చూపించండి. లేకపోతే శిథిలమైంది మండపం అనకండి. కొత్తది కట్టడం ఎవరికీ చేతగాని పని కాదు, మేస్త్రీ దొరుకుతాడు, రాయి దొరుకుతుంది. పాతది ఎవరు కడతారు? అయిదొందల ఏళ్ళ కిందట ఉలి పట్టుకున్న వాడు కూలి అడిగిపోయాడు, పేరు కూడా అడగలేదు. వాడు వదిలిపెట్టిపోయింది ఆ ఉలి దెబ్బ ఒక్కటే. దాన్ని చెత్త ట్రాక్టరుకెత్తే హక్కు మీకెవరిచ్చారు?

నిన్న పొద్దున్నే అలిపిరి పోయాను. దారిలో కొత్త నోటు బుక్కు ఒకటి కొన్నాను. మండపంలో ఒక్కో స్తంభానికి నాలుగు వైపులా ఫొటో తీసి, లెక్క రాసుకుంటూ ఉంటే, పాదుకలు నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దమ్మ ఆగి చూసింది.

"ఏం నాయనా, దేవుడికి తీకుండా రాళ్ళకు తీస్తా ఉండావే?"

"ఉండేటప్పుడు తీసుకుందామని పెద్దమ్మా."

ఆమె స్తంభాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "నన్ను గూడా ఒకటి తియ్యి అయితే. పాదాలు నెత్తిన పెట్టుకోనుండానని మా పిల్లోళ్ళకు చూపీల" అని తన ఫోను నా చేతికిచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

ఆమె ఫోనులో ఒకటి తీశాను, నా దాంట్లో ఒకటి తీశాను. నోటు బుక్కులో రాసుకున్నాను: ఎడమ వరస, మూడో స్తంభం, తూర్పు ముఖం, పక్కన ఒక పెద్దమ్మ.